గరిక మీద మచ్చ, బెంట్‌గ్రాస్ మీద మచ్చ: తెగులు శిలీంధ్రం ఏ గడ్డిని కోరుతుందో తేల్చడం ఎలా?

వేసవి చివర్లో తెల్లవారుతుండగా వర్జీనియాలోనో నార్త్ కరోలినాలోనో ఒక గోల్ఫ్ మైదానంలో నిలబడి చూడండి. బంతిని గుంతలోకి దొర్లించే చోట నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరించిన బెంట్‌గ్రాస్ ఉంటుంది. దాని అవతల విశాలంగా పరచుకుని ఉన్నది గరిక. వినాయక చవితికి మనం జంటలుగా తెంపే గరికకూ ఆఫ్రికా గరికకూ పుట్టిన సంకరం అది. రెండింటి మీదా ఎండుగడ్డి రంగులో గుండ్రటి మచ్చలు కనిపిస్తాయి. మంచు ఆరకముందు వంగి చూస్తే మచ్చల మీద సాలెగూడు లాంటి తెల్లని పోగులుంటాయి. గడ్డి సంరక్షకులు రెండింటినీ డాలర్ స్పాట్ అనే అంటారు. మచ్చ పాతకాలపు వెండి డాలరంత ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది.

రెండు మచ్చలకూ కారణం ఒకే శిలీంధ్రమా? బ్రిటన్‌లో ఎఫ్.టి. బెన్నెట్ 1937లో దీనికి స్క్లెరోటీనియా హోమియోకార్పా అని పేరు పెట్టారు. ఆ ప్రజాతిలో ఇది ఇమడదని శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో గొణుగుతూనే ఉన్నా, ఎనభై ఏళ్ళపాటు ప్రపంచమంతా అదే పేరు వాడింది. 2018లో జన్యు క్రమాల ఆధారంగా దీన్ని క్లారీరీడియా అనే కొత్త ప్రజాతిలోకి మార్చి, నాలుగు జాతులుగా విడదీశారు. వాటిలో హోమియోకార్పా, బెన్నెటీ ప్రధానంగా బ్రిటన్‌కు చెందినవి. అమెరికాలో తరచుగా తగిలేవి మిగిలిన రెండు. జాక్సోనీ ఎక్కువగా బెంట్‌గ్రాస్, బ్లూగ్రాస్, రైగ్రాస్ వంటి చల్లని కాలపు గడ్డి మీద దొరుకుతుంది. మాంటీథియానా ఎక్కువగా గరిక, సముద్రతీర పాస్పాలం వంటి వేడి కాలపు గడ్డి మీద దొరుకుతుంది. ఆ మరుసటి ఏడాది చైనాలో పాస్పాలం మీద నుంచి క్లారీరీడియా పాస్పాలి అనే ఇంకో జాతిని వర్ణించారు.

చిక్కు 'దొరుకుతుంది' అనే మాటలో ఉంది. ఒక శిలీంధ్రం ఒక గడ్డి మీద దొరకడం వేరు, ఆ గడ్డినే కోరుకోవడం వేరు, ఆ గడ్డి మీద తప్ప బతకలేకపోవడం ఇంకా వేరు. ఈ మూడింటినీ విడదీసే పని మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను. మొక్కల తెగుళ్ళు చదివే విద్యార్థులకూ, మైదానాల పచ్చిక బాధ్యత మోసేవారికీ ఉపయోగపడాలని నా ఉద్దేశం.

మొదటి అడుగు: మీ ప్రశ్న ఏమిటో తేల్చుకోండి

అతిథేయి, అంటే తాను పట్టే మొక్క విషయంలో శిలీంధ్రాలన్నీ ఒకే తీరుగా ఉండవు. తెలుగు రైతుకు బాగా తెలిసిన అగ్గితెగులునే తీసుకోండి. వరి, రాగి, కొర్ర మూడింటికీ అగ్గితెగులు వస్తుంది. సూక్ష్మదర్శినిలో మూడు చోట్లా పైరిక్యులేరియా అనే శిలీంధ్రపు సిద్ధబీజాలే కనిపిస్తాయి. కానీ పొలంలో వరి మీది వంశం వరినే పట్టుకుంటుంది, కొర్ర మీది వంశం కొర్రనే. అడ్డుగోడ గట్టిదే, కానీ శాశ్వతం కాదు. 1985లో బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రంలో ఈ శిలీంధ్రం గోధుమ మీద బయటపడింది, 2016లో బంగ్లాదేశ్ చేరింది. 1990ల ఆరంభంలో పెన్సిల్వేనియా గోల్ఫ్ మైదానాల్లో రైగ్రాస్‌ను తుడిచిపెట్టిన గ్రే లీఫ్ స్పాట్ కూడా దీని పనే. గోధుమ మీది వంశానికి రైగ్రాస్ మీది వంశం దగ్గరి చుట్టం. గోధుమలోని ఒక నిరోధక జన్యువు గుర్తుపట్టే ప్రోటీనును శిలీంధ్రం పోగొట్టుకోవడం ఈ గెంతుకు దారి తీసిందని 2017లో తేలింది.

డాలర్ స్పాట్ అలాంటిది కాదు. ప్రయోగశాలలో జాక్సోనీని గరిక మీద వేసినా, మాంటీథియానాను బెంట్‌గ్రాస్ మీద వేసినా మచ్చలు వస్తాయి. కాబట్టి 'అంటుతుందా, అంటదా' అని అడిగితే ప్రతి కుండీలోనూ 'అంటుతుంది' అనే జవాబే వచ్చి, మీకు ఏమీ తెలియదు. 'ఎక్కడ ఎంత ఎక్కువ?' అన్నదే మీ ప్రశ్న కావాలి. నోటుపుస్తకం మొదటి పేజీలో దాన్ని రాసుకున్నాకే రెండో అడుగు వేయండి.

రెండో అడుగు: అది డాలర్ స్పాటేనని నిర్ధారించుకోండి

పొట్టిగా కత్తిరించిన పచ్చికలో మచ్చలు రెండు నుంచి ఐదు సెంటీమీటర్ల వరకూ ఉంటాయి. ఇంటి ముందు కాస్త ఎత్తుగా పెంచే పచ్చికలో అవే పది, పదిహేను సెంటీమీటర్ల అతుకులుగా కనిపిస్తాయి. ఆకును పట్టి చూస్తే సున్నం వేసినట్టు తెల్లబడిన పట్టీ అడ్డంగా ఉంటుంది. నడుమ సన్నగా, రెండు చివర్లా వెడల్పుగా, డమరుకం ఆకారంలో ఉండే ఆ పట్టీకి అంచున ఇటుక ఎరుపు గీత ఉంటుంది. పోవా అన్యువా అనే ఏకవార్షిక బ్లూగ్రాస్‌లో మాత్రం ఈ ఎర్ర గీత రాదు. అది లేదని నమూనాను పారేయకండి.

తెల్లని పోగులను చూసి మోసపోవడం తేలిక. పితియం తెగులులోనూ దూది లాంటి పోగులు వస్తాయి. కానీ అక్కడ ఆకులు నూనె రాసినట్టు నల్లబడి జిగటగా ఉంటాయి, సూక్ష్మదర్శినిలో తంతువులకు అడ్డుగోడలు కనిపించవు. నిజమైన సాలెగూళ్ళూ ఉంటాయి. ఒకసారి నేను అరగంట సేపు జాగ్రత్తగా ఏరి తెచ్చుకున్నవి అవే.

మూడో అడుగు: నమూనాలు ఎక్కడ తీయాలి?

మొత్తం పని నిలిచేదీ కూలేదీ ఇక్కడే. పైగా ఇక్కడి తప్పును తర్వాత ఏ గణాంక శాస్త్రమూ దిద్దలేదు.

చల్లని గడ్డి నమూనాలన్నీ న్యూజెర్సీలో, వేడి గడ్డి నమూనాలన్నీ ఫ్లోరిడాలో తీశారనుకోండి. రెండు గుంపుల జన్యువులు వేరుగా ఉన్నాయని తేలుతుంది. ఆ తేడా గడ్డి వల్ల వచ్చిందా, ఊరు మారడం వల్ల వచ్చిందా? ఎన్ని వందల నమూనాలు తీసినా చెప్పలేరు. అందుకే రెండు రకాల గడ్డీ పక్కపక్కనే పెరిగే చోటు వెతకాలి. అమెరికాలో ఉత్తరపు చలికీ దక్షిణపు వేడికీ నడుమ ఉన్న పట్టీలో అలాంటి మైదానాలు ఉన్నాయి. మొదట చెప్పిన వర్జీనియా, నార్త్ కరోలినా ఆ పట్టీలోవే. ఒకే మైదానంలో బెంట్‌గ్రాస్ నుంచి కొన్ని, పది గజాల అవతలి గరిక నుంచి కొన్ని తీయండి. అలాంటివే మరో నాలుగైదు మైదానాల్లో తీయండి. అప్పుడు చోటును స్థిరంగా ఉంచి గడ్డిని మాత్రమే పోల్చగలుగుతారు.

ఇంకో దొంగ ఉంది, మందు పిచికారీ. బంతి దొర్లించే చోట బెంట్‌గ్రాస్‌కు ఏడాదిలో చాలాసార్లు శిలీంధ్రనాశిని కొడతారు, చుట్టూ ఉన్న గరికకు అంతగా కొట్టరు. డాలర్ స్పాట్ శిలీంధ్రం మందులకు తట్టుకోవడంలో ఆరితేరింది. బెంజిమిడజోల్ మందుల విషయంలో బీటా ట్యూబ్యులిన్ జన్యువులో ఒక్క అక్షరం మారినా చాలు, మందు పనిచేయదు. తట్టుకున్న వంశమే మిగిలి బెంట్‌గ్రాస్ అంతటా పరచుకుంటుంది. మీరు దాన్ని 'బెంట్‌గ్రాస్‌ను కోరే వంశం' అని రాస్తారు, నిజానికి అది మందును తట్టుకున్న వంశం మాత్రమే. సంరక్షకుణ్ణి కనీసం మూడేళ్ళ పిచికారీ చిట్టా అడగండి. ఇవ్వడానికి మొహమాటపడితే, మందు పడని మూలలు చూపించమనండి.

ఈ శిలీంధ్రం పచ్చికలో దాదాపు సిద్ధబీజాలు పుట్టించదు. తంతువుల ద్వారానూ, కోత యంత్రానికీ బూట్లకూ అంటుకున్న గడ్డి ముక్కల ద్వారానూ ప్రయాణిస్తుంది. అంటే ఒకే కోత దారిలో ఉన్న పది మచ్చలూ ఒకే తల్లి పిల్లలు కావచ్చు. అందుకని ఒక మచ్చకు ఒకే నమూనా తీయండి. మచ్చకూ మచ్చకూ మధ్య కనీసం కొన్ని మీటర్ల దూరం ఉంచి, కోత దిశకు అడ్డంగా నడుస్తూ తీయండి.

ఆకులను మచ్చ నడిబొడ్డు నుంచి కాక అంచు నుంచి తెంపాలి. నడుమ ఉన్నది చచ్చిన గడ్డి, అక్కడ ముందు మొలిచేవి బూజులే. కాగితపు కవరులో వేసి, చల్లగా ఉంచి, రెండు మూడు రోజుల్లో పని మొదలుపెట్టండి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే చెమ్మ పట్టి కుళ్ళుతాయి.

ముందే తెలుసుకోవాల్సిన మాట ఒకటుంది. అమెరికాలో సజీవ తెగులు శిలీంధ్రాన్ని రాష్ట్రం దాటించాలంటే సాధారణంగా వ్యవసాయ శాఖ అనుమతి కావాలి. మన దేశంలోకి తేవాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు వర్తిస్తుంది. సంచిలో వేసుకుని విమానం ఎక్కకండి.

నాలుగో అడుగు: శిలీంధ్రాన్ని వేరుచేయడం

మచ్చా పచ్చదనమూ కలిసే చోట ఆకును అర సెంటీమీటరు ముక్కలుగా కోయండి. అర శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో ఒక నిమిషం ముంచి, శుద్ధిచేసిన నీటిలో మూడుసార్లు కడిగి, వడపోత కాగితం మీద ఆరబెట్టండి. తడి ముక్క పెడితే దాని చుట్టూ బాక్టీరియా పాకుతుంది. బంగాళదుంప డెక్స్‌ట్రోజ్ అగార్‌లో లీటరుకు 100 మిల్లీగ్రాముల స్ట్రెప్టోమైసిన్ కలిపి పళ్ళెం పోసుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. అగార్ చేయి పట్టగలిగేంత చల్లబడ్డాకే స్ట్రెప్టోమైసిన్ కలపాలి.

పళ్ళేన్ని 25 డిగ్రీల దగ్గర ఉంచండి. రెండో రోజుకల్లా తెల్లటి మెత్తని నూగు బయలుదేరుతుంది. నాలుగైదు రోజుల్లో పళ్ళెం నిండి, మూతను ఎత్తేస్తుందా అన్నట్టు ఉబుకుతుంది. తర్వాతి వారాల్లో నూగు కూర్చుకుపోయి రంగు మారుతుంది. పళ్ళేన్ని తిప్పి అడుగు చూస్తే, కాలిన పెనం అడుగులా గోధుమ నలుపు పెచ్చులు కనిపిస్తాయి. సిద్ధబీజాలు కనిపిస్తే అది మీకు కావలసినది కాదు. పెరుగుతున్న అంచు నుంచి ఒక్క తంతువు కొనను కోసి కొత్త పళ్ళెంలో పెట్టాలి. ఈ మెట్టు దాటవేస్తే, రెండు వంశాలు కలిసి ఉన్న పళ్ళేన్ని ఒకటిగా అనుకుని ముందుకు పోతారు.

ఐదో అడుగు: జాతి ఏది, వంశం ఏది?

జాతిని తేల్చడానికి శిలీంధ్రాలన్నిటికీ వాడే ఐటీఎస్ అనే డీఎన్ఏ ప్రాంతాన్ని చదివించండి. గట్టి రుజువు కావాలంటే కాల్మొడ్యులిన్, ఎంసీఎం7 జన్యువులను కూడా చదివించండి. 2018 నాటి విభజన ఈ మూడింటి మీదే నిలబడింది. జన్యు భాండాగారంలో వెతికినప్పుడు మొదటి వరుసలో వచ్చిన పేరును నమ్మకండి. 2018కి ముందు చేర్చిన క్రమాలు చాలావరకు పాత పేరుతోనే ఉన్నాయి, అవి ఏ జాతివో ఆ పేరు చెప్పదు. జాతి వర్ణనకు వాడిన ప్రామాణిక నమూనాల క్రమాలు దించుకుని, మీ క్రమాలను వాటితో కలిపి వంశవృక్షం గీయండి. మీది ఏ కొమ్మ మీద కూర్చుందో చూడండి.

జాతి లోపలి వైవిధ్యానికి యంత్రం అక్కర్లేని పాత పరీక్ష ఒకటుంది, నాకు అదంటే ఇష్టం. ఒక పళ్ళెంలో రెండు నమూనాలను మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలో పెట్టి వదిలేయండి. రెండూ ఒకే వంశానివైతే నూగులు కలిసిపోయి, సరిహద్దు ఎక్కడో వెతికినా దొరకదు. వేరైతే, కలిసిన చోట కణాలు చచ్చి, పొలం గట్టు వేసినట్టు గీత ఏర్పడుతుంది. పళ్ళెం వెనక నుంచి చూస్తే అది నల్లగా ఇంకా స్పష్టంగా ఉంటుంది. ప్రతి నమూనాను దానితోనే ఎదురుపెట్టిన పళ్ళెం కూడా ఉండాలి. అందులో గీత వస్తే మీ పద్ధతిలోనే లోపం ఉంది.

సూక్ష్మమైన తేడాలకు మైక్రోశాటిలైట్ గుర్తులు, అంటే డీఎన్ఏలో పదేపదే వచ్చే పొట్టి ముక్కలు వాడండి. లెక్క మొదలుపెట్టే ముందు, ఒకే మైదానంలో ఒకే జన్యురూపం పదిసార్లు వస్తే దాన్ని ఒకటిగానే ఎంచండి. లేదంటే కోత యంత్రం మోసిన ఒక్క పిల్ల పది పిల్లలుగా ఓటేస్తుంది. సిద్ధబీజాలే లేని శిలీంధ్రంలో ఇంత వైవిధ్యం ఎక్కడిదని మీకు అనుమానం రావచ్చు. సంపర్కానికి కావలసిన రెండు రకాల జన్యువులూ ఈ శిలీంధ్ర జనాభాల్లో ఉన్నాయి. మనం చూడని చోట అప్పుడప్పుడు అది జరుగుతూ ఉండవచ్చు. రెండు రకాలూ మీ మైదానంలో దగ్గరదగ్గరగా సమపాళ్ళలో ఉన్నాయేమో లెక్కపెట్టడం మంచిది.

ఆరో అడుగు: అంటించి చూడటం

ముందు గడ్డి. ఇక్కడ చాలామంది శిలీంధ్రం వైవిధ్యం గురించి తల బద్దలు కొట్టుకుని, గడ్డి వైవిధ్యాన్ని మరిచిపోతారు. గోల్ఫ్ మైదానాల్లో వాడే టిఫ్‌వే వంటి సంకర గరిక విత్తనం కట్టదు, దాన్ని తీగ ముక్కలతోనే నాటుతారు. అంటే మీ కుండీల్లోని టిఫ్‌వే అంతా ఒకే మొక్క. బెంట్‌గ్రాస్ పరపరాగ సంపర్కం జరిపే గడ్డి, విత్తనంతో వేస్తే కుండీలోని ప్రతి పోచా వేరే జన్యురూపం. ఒకవైపు ఒకే మనిషిని, మరోవైపు ఒక ఊరిని నిలబెట్టి పోల్చినట్టు అవుతుంది. వీలైతే బెంట్‌గ్రాస్‌లోనూ కొన్ని మొక్కలను ఎంచుకుని, పిలకలు విడదీసి పెంచండి. వీలుకాకపోతే కుండీల సంఖ్య పెంచండి. బెంట్‌గ్రాస్‌లో డిక్లరేషన్ వంటి తట్టుకునే రకం, క్రెన్‌షా వంటి తేలికగా లొంగే రకం రెండూ పెట్టుకుంటే, మీ పరీక్ష తేడాను పట్టగలదో లేదో దానంతట అదే తెలుస్తుంది.

ఐదారు వారాలు పెంచి, రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తుకు కత్తిరించి సమం చేయండి. నత్రజని అన్నిటికీ ఒకే మోతాదులో ఇవ్వండి. నత్రజని తక్కువైన గడ్డికి డాలర్ స్పాట్ ఎక్కువ వస్తుంది కాబట్టి, ఎరువులో తేడా ఉంటే ఫలితమంతా ఎరువుదే అవుతుంది.

అంటించడానికి గింజల మీద పెంచిన శిలీంధ్రం వాడతారు. అమెరికాలో గోధుమ, ఓట్స్ వాడతారు. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో జొన్నలు మామూలే, అవి చక్కగా సరిపోతాయి. రాత్రంతా నానబెట్టి, నీరు వార్చి, సీసాల్లో వేసి, 121 డిగ్రీల దగ్గర రోజుకోసారి చొప్పున వరుసగా రెండు రోజులు శుద్ధి చేయండి. శిలీంధ్రం ముక్కలు వేసి రెండు మూడు వారాలు ఉంచండి, రోజు విడిచి రోజు సీసాను కుదపండి. కుదపకపోతే గింజలన్నీ చిమ్మిలి ఉండలా గట్టిపడి, విడిపోవు.

ప్రతి కుండీకీ ఒకే బరువు గింజలు తూచి చల్లండి. కొన్ని కుండీలకు శిలీంధ్రం లేని శుద్ధి చేసిన గింజలు చల్లాలి. పొగమంచులా నీళ్ళు చిమ్మి, ప్లాస్టిక్ సంచి కప్పి, 25 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచి తీసేయండి. రోజు విడిచి రోజు, రెండు వారాల పాటు, ఎంత శాతం గడ్డి తెల్లబడిందో రాయండి. రాసేవారికి ఏ కుండీలో ఏది ఉందో తెలియకూడదు. మీరే రాయాల్సి వస్తే కుండీలకు అంకెలు వేసి, చిట్టాను ఇంకొకరికి ఇవ్వండి. చివర మచ్చల నుంచి శిలీంధ్రాన్ని మళ్ళీ వేరుచేసి, మీరు వేసినదేనని గుర్తులతో సరిచూసుకోండి.

ఉష్ణోగ్రత ఇక్కడ మరో ఉచ్చు. 20 డిగ్రీల దగ్గర గరిక నీరసిస్తుంది, 32 దగ్గర బెంట్‌గ్రాస్ నీరసిస్తుంది. మీరు కొలిచేది శిలీంధ్రం ఇష్టమో, గడ్డి అవస్థో తెలియదు. స్థలం ఉంటే పరీక్షను రెండు ఉష్ణోగ్రతల దగ్గర చేయండి. మొత్తం ప్రయోగాన్ని మాత్రం కనీసం రెండుసార్లు చేయక తప్పదు.

ఏడో అడుగు: లెక్కను చదవడం

ఒక ఊహా ఉదాహరణ. జాక్సోనీ నమూనాలు బెంట్‌గ్రాస్ మీద సగటున 60 శాతం, గరిక మీద 45 శాతం మచ్చ తెచ్చాయనుకుందాం. మాంటీథియానా నమూనాలు అదే వరుసలో 40, 25 తెచ్చాయి. చూడగానే 'రెండూ బెంట్‌గ్రాస్‌నే కోరుతున్నాయి' అనాలనిపిస్తుంది. అది తప్పు. బెంట్‌గ్రాస్ దేనికైనా లొంగుతోంది, జాక్సోనీ ఎక్కడైనా ఎక్కువ నష్టం చేస్తోంది, అంతే. గీత గీస్తే రెండు గీతలూ సమాంతరంగా పోతాయి.

ఇప్పుడు మాంటీథియానా అంకెలను 40, 55గా మార్చండి. గీతలు ఒకదాన్నొకటి కోస్తాయి. ఎవరి చోట వారిది పైచేయి, అదే అతిథేయి పట్ల మొగ్గు. గణాంక పట్టికలో మీరు చూడాల్సినది జాతి వరుసో, గడ్డి వరుసో కాదు, ఆ రెండింటి పరస్పర ప్రభావం వరుస.

ఒక్కో జాతికి ఒక్కో నమూనా పెట్టి పది కుండీలు వేస్తే మీ దగ్గర ఉన్నది పది కుండీల సాక్ష్యం కాదు, ఒక్క నమూనా సాక్ష్యమే. జాతి గురించి మాట్లాడాలంటే జాతికి కనీసం ఆరేడు నమూనాలు, వేర్వేరు మైదానాల నుంచి తెచ్చినవి పెట్టండి, కుండీలు నాలుగే అయినా పరవాలేదు. ఒకే జాతిలోని రెండు నమూనాల మధ్య తేడా, రెండు జాతుల సగటుల మధ్య తేడాను మించిపోతే దాన్ని దాచకండి. ఈ శిలీంధ్రంలో అలా జరగడం వింతేమీ కాదు.

ఎనిమిదో అడుగు: మైదానానికి తిరిగి వెళ్ళడం

న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్ళు ఆగస్టులో పచ్చిక ఫొటోలు పంపి 'ఏ మందు కొట్టాలి?' అని అడుగుతుంటారు. వాళ్ళకు పైన చెప్పిన పరీక్షలేవీ అక్కర్లేదు. నత్రజని చాలినంత ఉందో లేదో చూసుకోవడం, సాయంత్రం కాక తెల్లవారుజామున నీళ్ళు పెట్టడం, తట్టుకునే రకాల విత్తనం కలిపి చల్లడం చాలు.

గోల్ఫ్ మైదానం సంగతి వేరు. రెండు గడ్డి రకాల మీదా ఒకే జాతి, ఒకే జన్యురూపం దొరికితే, మీ గరిక మీది మచ్చలే బెంట్‌గ్రాస్‌కు తెగులును అందిస్తున్నాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్ళే ముందు కోత యంత్రాన్ని కడగాలి. తెల్లవారుజామున పొడవాటి గొట్టాన్ని ఈడ్చి మంచు రాల్చే పని రెండు చోట్లా చేయాలి. జాతులు వేరైతే ఆ కడుగుడు అవసరం తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు. రెండు జాతులూ రెండు గడ్డి రకాలకూ అంటగలవని ఆరో అడుగులో మీరే చూశారు.

మందు ఎంపికకు మాత్రం జాతి పేరు సరిపోదు. అదే నమూనాలను మందు కలిపిన అగార్ మీద పెంచి, ఏది తట్టుకుంటోందో విడిగా చూడాలి. ఇందుకోసమైనా నమూనాలు దాచుకోవాలి. శిలీంధ్రం పట్టిన గింజలను ఆరబెట్టి, చిన్న సీసాల్లో చలిపెట్టెలో ఉంచండి. సీసా మీద జాతి పేరుతోపాటు గడ్డి రకం, మైదానంలో చోటు, తేదీ, అంతకుముందు కొట్టిన చివరి మందు పెన్సిల్‌తో రాయండి. సిరా చెమ్మకు కరిగిపోతుంది.